ఎడమ తొమ్మిది, కుడి ఏడు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట మా ఇంట్లో అందరికంటే ముందు నేనే ఒప్పుకుంటాను. మాట మనసులో పుట్టకముందే నా నోట్లోంచి బయటికొచ్చేస్తుందని అమ్మ అంటుంది. కానీ ఆ ఏడాది డిసెంబరులో వచ్చిన కోపం ఊరికే వచ్చింది కాదు. పద్దెనిమిదేళ్ళు గడిచినా తగ్గలేదు. తగ్గాలని నేనూ అనుకోవడం లేదు.

ముందు మా నాన్న కాళ్ళ సంగతి చెప్పాలి. చిన్నప్పుడు వచ్చిన ఏదో జ్వరం ఆయన ఎడమ కాలిని ఎదగనివ్వలేదు. కుడి పాదం తొమ్మిదో నంబరు, ఎడమది ఏడు. బూట్లు కొనాలంటే రెండు జతలు కొనాలి. ఏడులోంచి ఎడమది, తొమ్మిదిలోంచి కుడిది తీసుకుని తొడుక్కుంటాడు. ఎడమ మడమ కింద ఎత్తు కోసం తనే ఒక చెక్క ముక్క చెక్కి అతికించుకుంటాడు. వడ్రంగి కదా, ఆ పని ఇంకొకరికి ఇవ్వడు. ఇక మిగిలిన రెండు బూట్లు, తొమ్మిది ఎడమదీ ఏడు కుడిదీ, కొత్తవి కొత్తవిగానే మిగిలిపోతాయి.

మేం ఇప్పుడు వెళ్ళే చర్చిలో చేరినప్పుడు నాకు ఆరేళ్ళు. ఏటా డిసెంబరులో అక్కడ కానుకల పెట్టె పెడతారు. ఎవరికి తోచింది వాళ్ళు తెచ్చి వేస్తే, కొత్త సంవత్సరం నాటికి లేనివాళ్ళకి పంచుతారు. ఆ ఏడే నాన్న మిగిలిన జతని పాలిష్ పెట్టి అద్దంలా చేశాడు. వాటి లేసులు అంతకుముందే తన పాత బూట్లకి వాడేసుకున్నాడట. ఏం చెయ్యాలో తోచక నా జడకున్న ఎర్ర రిబ్బను విప్పి, రెండు ముక్కలు చేసి, వాటికి లేసులుగా కట్టేశాడు. నేను ఆ రోజంతా ఏడ్చాను. ఒక అట్టముక్క మీద "ఎడమ తొమ్మిది, కుడి ఏడు" అని రాసి బూటులో పెట్టి, పెట్టెలో వేసి వచ్చాడు.

అప్పట్లో చర్చి స్టోరు గది ఒక ముసలావిడ చేతిలో ఉండేది. అందరం స్టోరు పెద్దమ్మ అనేవాళ్ళం. మూడు వారాల తర్వాత ఆవిడ నాన్నని మెట్ల దగ్గర ఆపింది.

"నీ బూట్లు పోయాయిరా అబ్బాయ్. ఒకతను వచ్చి తొడుక్కుని చూసుకున్నాడు. వాటితోనే నడుచుకుంటూ వెళ్ళిపోయాడు."

"రెండూ సరిపోయాయా పెద్దమ్మా?"

"సరిపోకపోతే నడుస్తాడేంట్రా!"

ఆ రోజు నుంచి మా నాన్నకి ఒక జతగాడు ఏర్పడ్డాడు. ఎవరో తెలీదు, ఎక్కడుంటాడో తెలీదు. ఎడమ తొమ్మిది, కుడి ఏడు అంతే. వాన పడితే "వాడివి కూడా తడిసి ఉంటాయి" అనేవాడు. మెట్లెక్కుతూ "వాడు కుడికాలు ముందు ఈడుస్తాడేమో, నాకు వ్యతిరేకం కదా" అని ఆలోచించేవాడు. "నా గురించి ఏనాడైనా ఇంత ఆలోచించారా?" అని అమ్మ దెప్పేది. "నీకు రెండు కాళ్ళూ ఒక్కటే సైజు కదే, నీ గురించి బెంగేముంది?" అని నవ్వేవాడు.

కొత్త సంవత్సరం ఆరాధనలో ఒక్కొక్కరు లేచి గడిచిన ఏడాది గురించి సాక్ష్యం చెబుతారు. నాన్నది ఎప్పుడూ రెండు వాక్యాలే. "మా ఇంటిని కాపాడినందుకు స్తోత్రం. నా జతగాడిని కూడా కాపాడి ఉంటాడు, అందుకు రెండో స్తోత్రం." అందరూ ప్రేమగా నవ్వేవాళ్ళు. దానికోసం ఎదురుచూసేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు.

ఆ మొదటి జత ఇచ్చిన మరుసటి ఏడు పెద్దమ్మ మంచాన పడి పోయింది. స్టోరు గది తాళాలు సెక్రటరీ ఆంటీ చేతికి వచ్చాయి. ఆవిడ ఒక పెద్ద బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి దిగిపోయిన మనిషి. దేనికైనా ఒక ఫైలు, ఒక నంబరు, ఒక చీటీ ఉండాల్సిందే. నాన్న ఏటా తన జత తీసుకెళ్ళి ఇచ్చేవాడు. జనవరిలో "పోయాయామ్మా?" అని అడిగేవాడు. "పోయాయన్నయ్యా" అనేది ఆవిడ.

నాకు ఇరవై రెండేళ్ళు వచ్చిన ఏడు, అక్టోబరులో నాన్న పనిచేసే ఫర్నిచర్ కార్ఖానా మూతపడింది. నేను చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేదాన్ని. నా జీతం అద్దెకీ వంటింటికీ సరిపోయేది, అంతే. నాన్న రోజూ పొద్దున్నే పని వెతుక్కుంటూ వెళ్ళేవాడు. వీధి వీధి తిరిగేసరికి కుడి బూటు అడుగు అరిగి చిల్లు పడింది. బిస్కెట్ల డబ్బా అట్ట కత్తిరించి లోపల పెట్టుకున్నాడు.

"నేను ఓవర్‌టైం చేస్తాను, కొందాం నాన్నా" అన్నాను.

"చూద్దాంలే. ఒక జత కాదమ్మా, రెండు."

ఆ రెండు అనే మాట దగ్గరే ఆగిపోయేది ఆ విషయం.

డిసెంబరు మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక నేను వాకిట్లోకి వచ్చేసరికి బోర్డు దగ్గర జనం మూగి ఉన్నారు. ఆ ఏడాది సెక్రటరీ ఆంటీ కొత్త పద్ధతి పెట్టింది. అవసరంలో ఉన్నవాళ్ళ వివరాలు చిన్న చీటీల మీద రాసి, నంబర్లు వేసి, బోర్డుకి గుచ్చింది. ఎవరికి నచ్చిన చీటీ వాళ్ళు తీసుకుని, ఆ వస్తువు కొని, నంబరు వేసి ఇవ్వాలి. ఇచ్చేవాళ్ళెవరో పుచ్చుకునేవాళ్ళకి తెలీదు, పుచ్చుకునేవాళ్ళెవరో ఇచ్చేవాళ్ళకి తెలీదు. ఆ బోర్డు చేసిచ్చింది నాన్నే.

నేనూ ఒకటి తీసుకుందామని వెళ్ళాను. చిన్నపిల్ల స్వెట్టరైతే నేనే అల్లగలను కదా అనుకున్నాను. చదువుకుంటూ పోతే పంతొమ్మిదో చీటీ దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి.

"19. పురుషుడు, 55 ఏళ్ళు. వడ్రంగి. పని పోయింది, కూతురి సంపాదన మీద ఆధారం. బూట్లు కావాలి. ఎడమ 7, కుడి 9."

మా చర్చిలో మూడువందల మంది ఉంటారు. వడ్రంగి ఒక్కడే. ఒక్కో కాలు ఒక్కో సైజు ఉన్నవాడూ ఒక్కడే. వాళ్ళిద్దరూ ఒక్కడే.

నేను ఇంతెత్తున లేచాను. సెక్రటరీ ఆంటీ గుండుసూదుల డబ్బా పట్టుకుని పక్కనే నిలబడి ఉంది.

"ఇదేంటాంటీ?"

"మెల్లగా మాట్లాడమ్మా. పేరు రాయలేదు కదా. మేం ఎవరి పేరూ రాయం."

"పేరొక్కటీ వదిలేశారెందుకు? ఫోటో కూడా అంటించాల్సింది."

"అలా అపార్థం చేసుకుంటే ఎలా? మీ అమ్మే కదా స్త్రీల కూడికలో ప్రార్థన అవసరత చెప్పింది. నేను పుస్తకంలో రాసుకున్నాను. ప్రార్థన చేసి చేతులు దులుపుకోవడమేనా, మనం చెయ్యగలిగింది చెయ్యొద్దూ?"

"అమ్మ అడిగింది దేవుణ్ణి కదాంటీ. మిమ్మల్ని కాదు కదా."

ఆవిడ నా వైపు జాలిగా చూసింది. ఆవిడ చెడ్డమనిషి కాదు, అదే నాకు ఇంకా మంట. చెడ్డవాళ్ళనైతే నాలుగు మాటలని కడుపు చల్లబరచుకోవచ్చు. మంచి చేస్తున్నామని గట్టిగా నమ్మినవాళ్ళ ముందు మన మాట దున్నపోతు మీద వాన.

ఇంటికి వచ్చి అమ్మ మీద విరుచుకుపడ్డాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"నేను దేవుడితో చెప్పుకున్నానే. మా ఆయన చిల్లు బూట్లతో తిరుగుతున్నాడు, చూడు ప్రభువా అన్నాను. అంతే."

"దేవుడితో చెప్పుకోవాలంటే వంటింట్లో చెప్పుకో! అక్కడ పాతికమంది వింటుంటారు."

"ప్రార్థన చేస్తారని చెప్పుకుంటాంగానీ, గోడకి గుచ్చుతారని చెప్పుకుంటామా?"

అప్పుడే నాన్న లోపలికి వచ్చాడు. గుమ్మంలో కూర్చుని కుడి బూటు విప్పి, నలిగిపోయిన అట్ట బయటికి తీసి, సాపు చేసి మళ్ళీ లోపల పెట్టాడు.

"బోర్డు చూశారా?" అన్నాను.

"చూశాను. కింద మూల బీడింగ్ చెక్క ఊడింది. వచ్చే వారం ఒక మేకు కొట్టాలి."

చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

తర్వాతి ఆదివారాలు నేను ఆ బోర్డుకి కాపలా కాసినట్టే ఉండేదాన్ని. మొదట చిన్నపిల్లల చీటీలు పోయాయి. బొమ్మలు, రంగు పెన్సిళ్ళు, ఊలు టోపీలు. తర్వాత దుప్పట్లు, కోట్లు. ఎవరూ మమ్మల్ని వదిలేసి పోలేదు, అలా అనకూడదు. అందరూ చదివారు. చదివి, తలెత్తి, నాన్న ఎక్కడున్నాడో ఒకసారి చూసి, పక్క చీటీ తీసుకున్నారు. బట్టల షాపాయన తన భార్యతో అనడం నా చెవులారా విన్నాను. "ఇదేం లెక్కే? రెండు జతలు కొంటే ఒక జత ఇచ్చినట్టు!" పళ్ళ డాక్టరు గారైతే వేళ్ళ మీద లెక్కేసుకుని మరీ దుప్పటి చీటీ తీసుకున్నాడు.

నాన్న ఎప్పుడూ రెండో వరసలో కూర్చునేవాడు. ఆ నెల వెనక బెంచీకి మారాడు. అదేంటంటే "గాలి బాగా వస్తుంది" అన్నాడు, డిసెంబరు చలిలో.

నాలుగో ఆదివారానికి బోర్డు మీద గుండుసూదులు తప్ప ఏమీ లేవు. మధ్యలో పంతొమ్మిది ఒక్కటీ ఉంది.

నేనే పీకేద్దామని చెయ్యి పెట్టాను. వెనకనుంచి సెక్రటరీ ఆంటీ వచ్చింది.

"దాన్నలా ఉంచమ్మా. కమిటీ తరఫున మేమే తీసుకున్నాం. కొనడం కూడా అయిపోయింది." ఆవిడ రెండు చేతుల నిండా పార్సిళ్ళున్నాయి. "స్టోరు గదిలో పై అరలో రంగు కాగితాలుంటాయి, కాస్త తెచ్చిపెట్టవూ? తలుపు తీసే ఉంది."

కోపంగా ఉన్నా పెద్దావిడ అడిగితే కాదనడం రాదు నాకు. వెళ్ళాను. రంగు కాగితాలు పై అరలో లేవు. కింద అరలో వెతుకుతుంటే ఒక పెద్ద గోనెసంచి చేతికి తగిలింది. మూతికి కట్టిన అట్ట మీద అందమైన టీచరమ్మ చేతిరాతతో "పనికిరానివి" అని ఉంది.

సంచి మూతి విప్పాను. పైనే ఒక నల్ల బూట్ల జత. కొత్తది. లేసులతో ఒకదానికొకటి కట్టి ఉంది. లోపల అట్టముక్క, దాని మీద నాన్న రాత. ఎడమ తొమ్మిది, కుడి ఏడు. దాని కింద ఇంకొకటి. దాని కింద ఇంకొకటి. అన్నిట్లోనూ అదే అట్ట. పాలిష్ వాసన ఇంకా పోలేదు.

ఆంటీ వచ్చి గుమ్మంలో నిలబడింది. సంచిని చూసింది, నన్ను చూసింది.

"ప్రతి జనవరిలోనూ 'పోయాయామ్మా' అని అడుగుతాడు కదా" అన్నాను. "ప్రతిసారీ 'పోయాయన్నయ్యా' అన్నారు కదా."

"ఏం చెప్పమంటావు? అలాంటి కాళ్ళున్నవాళ్ళు ఎవరుంటారమ్మా?"

"మా నాన్న ఉన్నాడు కదాంటీ!"

ఆవిడ వంగి సంచి మూతి మళ్ళీ కట్టబోయింది.

"ఒక్కరినైనా అడిగారా? ఆసుపత్రిలోగానీ, పక్క చర్చిలోగానీ? ఊరంతటికీ చీటీలు రాస్తారే, ఈ బూట్ల కోసం ఒక్క చీటీ రాయలేకపోయారా?"

"ఆయన మనసు కష్టపెట్టడం ఇష్టం లేకపోయింది. అంత ప్రేమగా తెచ్చిస్తుంటే సరిపోవని ఎలా అంటాను?" ఆవిడ గొంతు తగ్గింది. "ఆయన చెప్పే సాక్ష్యం అందరికీ ఎంత ఆదరణగా ఉంటుందో నీకు తెలీదా? అది పోగొట్టుకోమంటావా?"

అదీ సంగతి. వాళ్ళకి నాన్న బూట్లు అక్కర్లేదు, ఆయన సాక్ష్యం కావాలి. ఏటా రెండు వాక్యాలు విని కళ్ళు తుడుచుకుని వెళ్ళడానికి ఆయన రెండు జతలకి సరిపడా సంపాదించాలి.

ఇంట్లో అమ్మకి చెప్పాను. అమ్మ పొయ్యి మీది గిన్నె దించింది. తర్వాత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆయనకి చెప్పావంటే నా మీద ఒట్టే."

"ఒట్లు పెట్టకూడదని నువ్వే కదా చెబుతావు?"

"ఈసారికి పెడుతున్నాను. పని పోయింది. బూట్లు పోయాయి. ముందు బెంచీ పోయింది. ఆ జతగాడు కూడా పోతే ఆయనకి ఇంకేం మిగులుతుందే?"

నేను సరేనన్నాను. వారం రోజులు నోరు కట్టేసుకున్నాను. నాకు అది ఎంత కష్టమో అమ్మకి తెలుసు.

కొత్త సంవత్సరం మొదటి రోజు పొద్దున ఆరాధన. చర్చి కిటకిటలాడిపోయింది. వాక్యం అయ్యాక పార్సిళ్ళు పంచారు. పేర్లు పిలవలేదు, నంబర్లు పిలిచారు. పిలిచినప్పుడల్లా అందరి తలలూ ఒక్కసారి అటు తిరిగేవి. ఫోటోలు తీసేవాడు ముందు నిలబడ్డాడు.

"పంతొమ్మిది" అంది సెక్రటరీ ఆంటీ మైకులో.

నాన్న కదలలేదు. ఆవిడ ఇంకోసారి పిలిచి, నేరుగా మా బెంచీ వైపు చూసి నవ్వింది. నాన్న లేచాడు. వెనక బెంచీ నుంచి వేదిక దాకా ఆ కాళ్ళతో నడవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ చర్చి అంతా చూసింది.

"తొడుక్కోండన్నయ్యా, ఒక్క ఫోటో" అందావిడ.

నాన్న మెట్టు మీద కూర్చుని పార్సిల్ విప్పాడు. మంచి బూట్లే. ఒక్కటే జత. ఎడమది తొడుక్కుంటే పాదం లోపల ఆడుతోంది. కుడిది మడమ దగ్గర ఆగిపోయింది, ఎంత తోసినా దిగలేదు. నాన్న బూటు తిప్పి అడుగున నంబరు చూశాడు.

"ఎనిమిదమ్మా ఇది."

"అవునన్నయ్యా. ఏడు, తొమ్మిది అన్నారు కదా. రెండింటికీ మధ్యస్తంగా ఉంటుందని కమిటీ అంతా ఆలోచించి ఎనిమిది తీసుకున్నాం."

ఇది నేను కల్పించి చెబుతున్నానని చాలామంది అనుకుంటారు. అయిదుగురు పెద్దమనుషులు, అందరూ చదువుకున్నవాళ్ళు, కూర్చుని తీర్మానం చేసి మరీ పప్పులో కాలేశారు. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఫోటో తీసేవాడు కెమెరా దించేశాడు.

నాన్న మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. ఆ జతని జాగ్రత్తగా పక్కన పెట్టాడు. "మంచి బూట్లమ్మా. ఎవరికైనా సరిపోతాయి, ఇవ్వండి" అన్నాడు. ఇవాళ సాక్ష్యాల రోజు కదా, ఎలాగూ లేచాను అనుకున్నాడేమో, సాక్సులతోనే నిలబడి మైకు అందుకున్నాడు.

"మా ఇంటిని కాపాడినందుకు స్తోత్రం" అన్నాడు. "ఈ ఏడు నేను బూట్లు కొనలేకపోయాను. నాకు పర్వాలేదు, అట్ట పెట్టుకుంటున్నాను. కానీ నా వల్ల నా జతగాడు ఈ ఏడు బూట్లు లేకుండా ఉంటాడు. పదహారేళ్ళలో మొదటిసారి. వాడు నన్ను క్షమించాలని ప్రార్థన చెయ్యండి."

పాస్టరు గారు ఆ ఏడాదే కొత్తగా వచ్చారు. ఈ జతగాడి సంగతి ఆయనకి తెలీదు. పక్కనున్న పెద్దని అడిగి తెలుసుకుని కళ్ళు తుడుచుకున్నారు. మైకు తీసుకుని, "ఎంత మంచి మనసు! ఆ కనపడని సహోదరుడికి ఈ ఏడాది మనలో ఎవరు బూట్లు కొనిస్తారు?" అన్నారు.

చేతులు లేచాయి. ఒకటి, రెండు కాదు. బట్టల షాపాయనది అందరికంటే ముందు లేచింది. "రెండు జతలైనా పర్వాలేదండీ!" అని కేకేశాడు కూడా. పళ్ళ డాక్టరు గారు లేచి నిలబడే చెయ్యెత్తాడు. నేను లెక్కపెట్టాను. పదకొండు చేతులు.

నెల రోజులు. నాలుగు ఆదివారాలు. అవే రెండు సైజులు, బోర్డు మీద, కళ్ళ ఎత్తున.

"దించండి చేతులు!"

అది నా గొంతే. అమ్మ నా చీర చెంగు పట్టుకు లాగుతోంది. నేను అప్పటికే నడవలోకి వచ్చేశాను.

"ఆ జతగాడికి బూట్లు అక్కర్లేదు. పదిహేనేళ్ళుగా నాన్న ఇచ్చినవన్నీ ఇక్కడే ఉన్నాయి."

పక్క తలుపులోంచి స్టోరు గదిలోకి వెళ్ళాను. పార్సిళ్ళ కోసం తెరిచిన గది తెరిచే ఉంది. సంచిని నేల మీద ఈడ్చుకుంటూ తెచ్చాను. "పనికిరానివి" అన్న అట్ట పైకి కనపడేలా వేదిక ముందు పడేసి, తలెత్తి చూశాను.

నాన్న ఆ అట్ట చదువుతున్నాడు. ఒకసారి చదివి, మళ్ళీ మొదటినుంచి చదివాడు. ఆ మొహం చూశాక నా కోపం ఎటు పోయిందో తెలీదు. నేను కొట్టాలనుకున్నవాళ్ళు వేరే, దెబ్బ తగిలింది వేరే మనిషికి. అమ్మ ఒట్టు అప్పుడు గుర్తొచ్చింది.

ఆయన మెల్లగా దిగి వచ్చి సంచి పక్కన కూర్చున్నాడు. ఒక్కో జతా తీసి నేల మీద వరసగా పెట్టసాగాడు. ప్రతి దాన్నీ గుర్తుపట్టాడు. "ఇవి మీ అమ్మ ఆపరేషన్ అయిన ఏటివి" అన్నాడు నాతో, ఇంట్లో కూర్చుని మాట్లాడినట్టే. "ఇవి నువ్వు మొదటి జీతం తెచ్చిన ఏడు. ఇవి తోలు బాగా లేదు, వాడికి కరుస్తాయేమో అనుకున్నాను."

అన్నీ తీశాక సంచి అడుగున చెయ్యి పెట్టి వెతికాడు. నా వైపు చూశాడు.

"ఎర్ర రిబ్బను జత ఏదే?"

నేను సంచి తిరగేసి దులిపాను. కాస్త మట్టి రాలింది. వరస లెక్కపెట్టాను. పదిహేను.

"పదహారు ఇచ్చాను" అన్నాడు నాన్న.

సెక్రటరీ ఆంటీ మొహం పాలిపోయింది. "నేను బాధ్యత తీసుకున్నాక ఒక్క జత కూడా పారెయ్యలేదన్నయ్యా. ఒట్టి మాట కాదు. నాకిచ్చిన ప్రతి జతా ఇందులోనే ఉంది."

"నిజమే" అన్నాడు నాన్న. "అది మీకిచ్చింది కాదు. పెద్దమ్మకి ఇచ్చింది." ఆయన ఆగి, ఆ మాటని తనకి తానే ఇంకోసారి చెప్పుకున్నట్టు పెదవులు కదిపాడు. "అంటే పెద్దమ్మ నిజమే చెప్పింది. వాడు వచ్చాడు."

నాన్న నా భుజం ఆసరాగా లేచి, మళ్ళీ మెట్లెక్కి, పాస్టరు గారి చేతిలోంచి మైకు తీసుకున్నాడు. మా నాన్న గొంతు పెంచడం నేను ఎప్పుడూ వినలేదు. అప్పుడు కూడా పెంచలేదు.

"ఇందాక ఒక మాట తప్పు చెప్పాను. నా వల్ల వాడు బూట్లు లేకుండా ఉంటాడన్నాను. నా వల్ల కాదు."

మైకు బల్ల మీద పెట్టి దిగి వచ్చాడు. చిల్లు బూట్లు తొడుక్కున్నాడు. మేం ముగ్గురం బూట్లన్నీ సంచిలో వేసుకుని, తలో వైపు పట్టుకుని, నడవలోంచి బయటికి వచ్చేశాం. దారిలో అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఒట్టు సంగతి ఎత్తలేదు. అనకపోవడం కంటే తిట్టడమే నయం అనిపించింది.

ఓవర్‌టైం చేసి, ఫిబ్రవరి జీతంతో నేను నాన్నకి బూట్లు కొన్నాను, రెండు జతలు. ఆ నెల్లోనే ఆయనకి ఒక టింబర్ డిపోలో పని దొరికింది. అక్కడ మిగిలిన చెక్కలతో ఒక చిన్న అరల బల్ల చేశాడు, పైన వాన పడకుండా రేకు వేశాడు. దాన్ని మోసుకెళ్ళి చర్చి గేటు బయట, గోడకి ఆనించి పెట్టాడు. పదిహేను జతలూ, కొత్తగా మిగిలిన పదహారోదీ వరసగా సర్దాడు. పైన ఒక పలక మీద "ఎడమ తొమ్మిది, కుడి ఏడు. ఎవరినీ అడగక్కర్లేదు" అని రాశాడు. పాస్టరు గారు వచ్చి, లోపల వాకిట్లో పెట్టుకోవచ్చు కదా, నీడగా ఉంటుంది అన్నారు.

"వద్దండి" అన్నాడు నాన్న. "లోపలికి రావాలంటే ఆ బోర్డు ముందునుంచి రావాలి."

నాన్న మళ్ళీ రెండో వరసకి వెళ్ళాడు. సాక్ష్యం మాత్రం ఇక ఎప్పుడూ చెప్పలేదు. కొత్త సంవత్సరం రోజున కొందరు ఆయన వైపు తిరిగి చూస్తూ ఉంటారు. ఆయన పాటల పుస్తకం చూసుకుంటూ కూర్చుంటాడు.

అమ్మ స్త్రీల కూడికకి ఇప్పటికీ వెళ్తుంది. గుండ్రంగా కూర్చుని ఒక్కొక్కరినీ ప్రార్థన అవసరత ఏమిటని అడుగుతారు. అమ్మ వంతు వచ్చినప్పుడు "అందరం క్షేమమే" అంటుంది. నాన్నకి గుండె నొప్పి వచ్చి ఆసుపత్రిలో ఉన్న వారం కూడా అదే అంది. ఆ రాత్రి వంటింట్లో, కుళాయి తిప్పి ఆ చప్పుడులో, అమ్మ ఒక్కతే ప్రార్థన చేసుకుంటుంటే నేను తలుపు బయట నిలబడి విన్నాను.